సున్నపురాయి చేతికిచ్చి నేర్పే కెమిస్ట్రీ

టెన్త్ పాసై ఇంటర్‌లో ఎంపీసీలోనో బైపీసీలోనో చేరిన పిల్లల గురించి మొదటి రెండు నెలల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "వీళ్లకు కెమిస్ట్రీలో బేసిక్స్ లేవు." ఆ మాటతో పిల్లలకు భయం పట్టుకుంటుంది, తల్లిదండ్రులకు టెన్షన్ మొదలవుతుంది. బేసిక్స్ అంటే ఏమిటో మాత్రం విడమరచి చెప్పేవాళ్లు తక్కువ. దాంతో పిల్లలు పాత పుస్తకాలు బయటికి తీసి నిర్వచనాలు మళ్లీ బట్టీ పడతారు. మూలకాల గుర్తులు ఒకటి నుంచి ముప్పై దాకా అప్పజెబుతారు. వేలన్సీల పట్టిక గోడకు అంటించుకుంటారు. వారం తర్వాత నాలుగు లైన్ల లెక్క ఒకటి ఇస్తే పెన్ను మళ్లీ పాత చోటే ఆగిపోతుంది.

ఇందులో పిల్లల శ్రద్ధకు వంక పెట్టడానికి లేదు. హైస్కూల్లో కెమిస్ట్రీ ఫిజికల్ సైన్స్‌లో భాగంగా వస్తుంది. కాంతి, విద్యుత్తు పాఠాల మధ్య ఆమ్లాలు ఒకచోట, ఆవర్తన పట్టిక ఒకచోట, లోహాలు మరోచోట ఉంటాయి. తొమ్మిదో తరగతిలో మోల్ అనే మాట ఒకసారి వినబడి వెళ్లిపోతుంది. పైగా తెలుగు రాష్ట్రాల ఇంటర్ ఫస్టియర్ పుస్తకంలో చాలా ఏళ్లపాటు మొదటి పాఠం పరమాణు నిర్మాణమే. మోల్ లెక్కలు నేర్పే స్టాయికియోమెట్రీ ఐదో పాఠం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం మోల్‌తోనే తలుపు తీస్తుంది. బేసిక్స్ మళ్లీ చదివే విద్యార్థికి ఈ రెండో దారే మేలు. ఆర్బిటాళ్ల ఆకారాలు ఆరు నెలలు ఆగినా నష్టం లేదు. తూకానికీ లెక్కకూ ఉన్న సంబంధం తెలియకపోతే మాత్రం ఏ పాఠమూ అతకదు. కెమిస్ట్రీ అంటే మొదట కంటికి కనిపించని వాటిని తూచి లెక్కపెట్టే విద్య. మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది.

ఇంకో మేలైన పద్ధతి కూడా ఉంది. పాఠాల వరుసను పక్కన పెట్టి ఒకే పదార్థాన్ని పట్టుకుని, దాన్ని అన్ని పాఠాల గుండా నడిపించడం. దానికి సున్నాన్ని మించినది దొరకదు. పల్నాడులో పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరు. బట్టీలో సున్నపురాయిని కాలిస్తే పొడి సున్నం వస్తుంది. దాని మీద నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి, ఆవిర్లు కక్కి తడి సున్నం అవుతుంది. గోడకు పూసిన తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిగా గట్టిపడుతుంది. రాయి నుంచి రాయి దాకా సాగే ఈ మూడు మెట్ల ప్రయాణంలో హైస్కూల్ కెమిస్ట్రీలో ముప్పావు వంతు ఉంది.

లెక్కలకు ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. తెలుగులో చదివిన పిల్లలకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పాఠంలో పరమాణువు అంటే మూలకపు అతి చిన్న కణం. కొన్ని పరమాణువులు బంధంతో కలిస్తే అణువు. పేపర్లో మాత్రం అణుబాంబు, అణుశక్తి, అణు విద్యుత్ కేంద్రం అని రాస్తారు. ఆ అణువు నిజానికి పాఠంలోని పరమాణువు, ఇంకా సరిగ్గా చెప్పాలంటే దాని కేంద్రకం. చిన్నప్పటి నుంచి చెవిన పడ్డ మాట పాఠంలోని మాటకు అడ్డం తగులుతుంది. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియానికి మారిన పిల్లవాడు "మాలిక్యూల్" అన్నప్పుడల్లా మనసులో అణువు అనుకుని, ఆ అణువును బాంబులోని అణువుతో కలిపేస్తాడు. రెండు నిమిషాలు కేటాయించి చెబితే తీరిపోయే తికమక ఇది. చెప్పకపోతే ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

గుర్తుల్లోనూ ఇలాంటి మెలిక ఉంది. సోడియం గుర్తు "ఎన్‌ఏ" ఎందుకంటే దాని లాటిన్ పేరు నేట్రియం. పొటాషియం గుర్తు "కె" కావడానికి కారణం కేలియం. ఇక సి, ఓ అక్షరాలు రెండూ పెద్దవిగా రాస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. రెండో అక్షరం చిన్నదిగా రాస్తే కోబాల్ట్ అనే లోహం. అక్షరం సైజు మారితే పదార్థమే మారిపోతుంది. పిల్లలు దీన్ని చేతిరాత సమస్య అనుకుంటారు, నిజానికి ఇది వ్యాకరణం.

మూలకం అంటే ఏమిటన్న ప్రశ్నకు కూడా సున్నం మంచి జవాబు చెబుతుంది. ఆధునిక రసాయన శాస్త్రానికి పునాది వేసిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త లావోయిజర్ 1789లో మూలకాల జాబితా తయారుచేశాడు. అందులో ఆక్సిజన్, హైడ్రోజన్, బంగారంతో పాటు సున్నం కూడా ఉంది! అందులో అతని అజ్ఞానం ఏమీ లేదు. ఏ పద్ధతిలోనూ ఇంకా సరళమైన పదార్థాలుగా విడగొట్టలేనిదే మూలకం అని అతని నిర్వచనం. ఆనాటికి సున్నాన్ని విడగొట్టే సాధనం లేదు. 1808లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ విద్యుత్తును వాడి సున్నం నుంచి కాల్షియం లోహాన్ని రాబట్టాడు. సున్నం ఆ జాబితాలోంచి తప్పుకుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మూలకానికీ సమ్మేళనానికీ తేడా బట్టీ పట్టక్కర్లేదు. ఆ రెండింటి మధ్య ఉన్న గీత ప్రయోగం గీసిన గీత.

ఇక అసలు విషయం మోల్. డజను అంటే 12, మోల్ అంటే 6.022 × 10²³ అని చెప్పి ముందుకు వెళ్లిపోవడం రివాజు. ఆ పోలిక తప్పు కాదు కానీ సగమే. డజను అరటిపళ్లను చేత్తో లెక్కపెట్టవచ్చు. పరమాణువులను ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేదు. మరి సంఖ్య తెలియకుండానే సమాన సంఖ్యలో ఎలా తీసుకున్నారు?

ఒక్క శెనగ గింజ ఒక్క నువ్వు గింజకన్నా 60 రెట్లు బరువు అనుకుందాం. అప్పుడు కిలో నువ్వుల్లో ఎన్ని గింజలున్నాయో, 60 కిలోల శెనగల్లోనూ సరిగ్గా అన్నే ఉంటాయి. గింజలు లెక్కపెట్టలేదు, లెక్కపెట్టాల్సిన పనీ లేదు. ఒకదానికన్నా మరొకటి ఎన్ని రెట్లు బరువో తెలిస్తే త్రాసే లెక్కపెట్టి పెడుతుంది. హార్డ్‌వేర్ షాపులో మేకులు తూచి ఇచ్చేదీ ఈ ధీమాతోనే. కార్బన్ పరమాణువు బరువు 12, కాల్షియం పరమాణువు బరువు 40 అనేవి ఇలాంటి రెట్లే. కాబట్టి 12 గ్రాముల కార్బన్‌లో ఎన్ని పరమాణువులుంటాయో, 40 గ్రాముల కాల్షియంలోనూ అన్నే ఉంటాయి. ఆ సంఖ్యకే ఒక మోల్ అని పేరు. సంఖ్య ఎంతో తెలియక ముందే ఈ ఆలోచన పూర్తిగా పనిచేసింది. ఆ సంఖ్యకు ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో పేరు పెట్టినవాడు ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాఁ పెర్రాఁ, 1909లో, అంటే అవగాడ్రో పోయిన అర్ధ శతాబ్దానికి. 2019 మే 20 నుంచి మోల్‌ను కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు అని నిర్వచిస్తున్నారు.

సంఖ్య ఎంత పెద్దదో ఒకసారి మన లెక్కల్లో చూడటం మంచిది. 18 గ్రాముల నీళ్లంటే నాలుగు టీస్పూన్లు కూడా నిండవు. అందులో ఉన్న నీటి అణువులను ప్రపంచంలోని 800 కోట్ల మందికీ సమంగా పంచితే ఒక్కొక్కరికి దాదాపు 75 లక్షల కోట్లు వస్తాయి.

ఈ రెట్లు తేల్చడానికి మహామహులకే యాభై ఏళ్లు పట్టింది. మోల్ అర్థం కాలేదని కుంగిపోయే పిల్లలకు ఈ కథ చెప్పి తీరాలి. 1808లో పరమాణు సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చిన జాన్ డాల్టన్, నీటిలో ఒక హైడ్రోజన్ పరమాణువుకు ఒకే ఆక్సిజన్ పరమాణువు ఉంటుందనుకున్నాడు. నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్ బరువుల నిష్పత్తి 1:8. డాల్టన్ ఫార్ములా నిజమైతే ఆక్సిజన్ పరమాణు భారం 8 కావాలి (ఆనాటి కొలతల్లో అతనికి 7 వచ్చింది). హైడ్రోజన్లు రెండు అయితే 16 కావాలి. ఫార్ములా తెలిస్తే గానీ భారం తెలియదు, భారం తెలిస్తే గానీ ఫార్ములా తెలియదు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు తయారైంది.

ముడి విప్పే కొస వాయువుల దగ్గర దొరికింది. రెండు లీటర్ల హైడ్రోజన్, ఒక లీటరు ఆక్సిజన్ కలిస్తే రెండు లీటర్ల నీటి ఆవిరి వస్తుందని ఫ్రెంచ్ శాస్త్రవేత్త గే లూసాక్ చూపించాడు. ఒకే ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర సమాన ఘనపరిమాణాల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని 1811లో అవగాడ్రో ప్రతిపాదించాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే, ఒక ఆక్సిజన్ కణం రెండు నీటి అణువులకు సరిపోవాలి. అంటే అది రెండుగా విడిపోవాలి. అంటే ఆక్సిజన్ వాయువులో పరమాణువులు జంటలుగా ఉండాలి. ఒకే మూలకపు పరమాణువులు జంటకట్టడం ఏమిటని ఆనాటి పెద్దలు ఒప్పుకోలేదు. గందరగోళం ఎంత ముదిరిందంటే, 1861లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకూలే తన పుస్తకంలో ఎసిటిక్ ఆమ్లానికి అప్పటికి వాడుకలో ఉన్న 19 ఫార్ములాలు వరసగా ఇచ్చాడు. దానికి ముందు ఏడాది, 1860 సెప్టెంబర్‌లో, జర్మనీలోని కార్ల్‌స్రూహ్‌లో రసాయన శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. అక్కడ ఇటలీకి చెందిన కన్నిజారో అవగాడ్రో ఆలోచనతో పరమాణు భారాలను ఎలా తేల్చవచ్చో వివరించాడు. అతని చిన్న పుస్తకాన్ని అందరికీ పంచారు. ఆ సభలో కూర్చున్న వాళ్లలో మెండలీవ్ కూడా ఉన్నాడు. తొమ్మిదేళ్లకు, 1869లో, ఆవర్తన పట్టిక వచ్చింది. భారాలు తేలకపోతే పట్టికే లేదు. బేసిక్స్ ఏ వరుసలో చదవాలో చరిత్రే చెబుతోంది.

ఇప్పుడు సున్నపురాయి దగ్గరికి వద్దాం. దాని ఫార్ములాలో ఒక కాల్షియం, ఒక కార్బన్, మూడు ఆక్సిజన్లు. 40, 12, మూడు పదహార్లు 48. మొత్తం 100. ఇంత చక్కని అంకె అరుదు. 100 గ్రాముల సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే 56 గ్రాముల పొడి సున్నం మిగులుతుంది. తరిగిన 44 గ్రాములు ఎక్కడికి పోయాయి? కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిశాయి. ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు అని టెన్త్‌లో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు కూడా ఈ తరుగు చూసి తడబడతాడు. నియమం తెలుసు, వాయువుకు బరువుంటుందన్న సంగతి మనసుకు ఎక్కలేదు. అదే రాయిని గాలి చొరబడని పాత్రలో పెట్టి కాలిస్తే త్రాసు ముల్లు కదలదు.

అదే కిలో రాయి తీసుకుంటే 10 మోల్‌లు. 560 గ్రాముల సున్నం, 440 గ్రాముల వాయువు. వాయువు ఎన్ని లీటర్లు? సున్నా డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ దగ్గర మోల్‌కు 22.4 లీటర్ల చొప్పున 224 లీటర్లు. కొత్త పుస్తకాల్లో 22.7 అని కనిపిస్తే కంగారు పడాల్సిన పనిలేదు. పీడనాన్ని ఒక అట్మాస్ఫియర్ బదులు ఒక బార్‌గా తీసుకున్నారు, అంతే తేడా. ఇంత చిన్న విషయం చెప్పకపోవడం వల్ల ఏ అంకె వాడాలో తెలియక పరీక్ష హాల్లో సమయం పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

సమీకరణం తుల్యం చేయడంలో ఒకే ఒక్క నిజాయితీ నియమం ఉంది. ముందు పెట్టే గుణకాలను మార్చవచ్చు, ఫార్ములాలో కింద రాసే అంకెలను ముట్టుకోకూడదు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడే సమీకరణంలో కుడివైపు ఒక ఆక్సిజన్ తక్కువైందని నీటి ఫార్ములాలో ఆక్సిజన్ పక్కన రెండు వేస్తే లెక్క సరిపోతుంది. కానీ అక్కడున్నది ఇక నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్, పుండు కడిగే మందు. అంకెలు సరిచేయబోయి పదార్థాన్నే మార్చేశామన్నమాట.

తుల్యం చేసిన సమీకరణం వంటల కొలత లాంటిది. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ అన్నప్పుడు, ఇంట్లో మూడు గ్లాసుల పప్పు, నాలుగు గ్లాసుల రవ్వ ఉంటే ముందు అయిపోయేది రవ్వే. చూడటానికి రవ్వే ఎక్కువ ఉంది, అయినా సరిపోనిది అదే. ఇంటర్‌లో లిమిటింగ్ రీయేజెంట్ అని బెదిరించేది దీన్నే. తేడా ఒక్కటే, ఇక్కడ గ్లాసు బదులు మోల్.

దీన్ని ఒక లెక్కతో దగ్గరగా చూద్దాం. 28 గ్రాముల పొడి సున్నానికి 18 గ్రాముల నీళ్లు కలిపారు. ఏది ముందు అయిపోతుంది? చాలామంది తడుముకోకుండా నీళ్లు అంటారు, 18 చిన్న అంకె కాబట్టి. మోల్‌లోకి మార్చి చూడాలి. పొడి సున్నం మోల్ 56 గ్రాములు, కాబట్టి 28 గ్రాములంటే అర మోల్. నీళ్లు మోల్ 18 గ్రాములు, కాబట్టి పూర్తి మోల్. సమీకరణం ప్రకారం ఒకటికి ఒకటి చాలు. అంటే సున్నమే ముందు అయిపోతుంది, అర మోల్ నీళ్లు మిగులుతాయి. వచ్చే తడి సున్నం అర మోల్, దాని మోల్ 56, 18 కలిపి 74 గ్రాములు, అందులో సగం 37 గ్రాములు. మిగిలిన నీళ్లు 9 గ్రాములు. వేసినవి 28, 18 కలిపితే 46. వచ్చినవి 37, 9 కలిపితే 46. చివర్లో ఇలా సరిచూసుకునే అలవాటు ఒక్కటి వస్తే సగం తప్పులు ఎవరూ దిద్దకుండానే పోతాయి. ఎంసెట్‌లో (ఇప్పటి పేరు ఈఏపీసెట్) 160 ప్రశ్నల్లో కెమిస్ట్రీవి 40, ఒక్కో ప్రశ్నకు నిమిషం పైచిలుకు మాత్రమే ఉంటుందనే తొందరలో ఈ అలవాటు నేర్పకుండా షార్ట్‌కట్లు నేర్పుతున్నారు. షార్ట్‌కట్ దారి తెలిసినవాడికి ఉపయోగం. తెలియనివాడికి అదే దారి తప్పిస్తుంది.

పరమాణు భారం 40 అన్నాక లోపల ఏముందన్న ప్రశ్న వస్తుంది. ఇప్పుడు రావాలి పరమాణు నిర్మాణం. కాల్షియంలో 20 ప్రోటాన్లు, 20 ఎలక్ట్రాన్లు, చాలా పరమాణువుల్లో 20 న్యూట్రాన్లు. ఎలక్ట్రాన్లు 2, 8, 8, 2 గా సర్దుకుంటాయి. కెమిస్ట్రీకి పనికొచ్చేవి ఆ చివరి రెండే. బెరీలియం, మెగ్నీషియం, స్ట్రాన్షియం, బేరియం కూడా చివర రెండే పెట్టుకుని ఒకే నిలువు వరుసలో నిలబడతాయి. క్లోరిన్ భారం 35.5 అంటే సగం న్యూట్రాన్ ఉంటుందని కాదు. 35, 37 ద్రవ్యరాశి సంఖ్యలున్న రెండు రకాల క్లోరిన్లు ఇంచుమించు మూడుపాళ్లకు ఒక పాలుగా కలిసి ఉంటాయి, ఇది వాటి సగటు.

బంధాల పాఠంలో ఒక మాట చాలా హాని చేస్తోంది. కాల్షియం రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చేయాలని "కోరుకుంటుంది", అష్టకం (చివరి వరుసలో ఎనిమిది ఎలక్ట్రాన్లు) కోసం "ఆరాటపడుతుంది" అని చెబుతారు. పరమాణువుకు కోరికలు ఉండవు. కాల్షియం నుంచి రెండు ఎలక్ట్రాన్లు లాగాలంటే మోల్‌కు 1,700 కిలోజౌళ్లకు పైగా శక్తి ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చు ఎందుకు గిట్టుబాటవుతుందంటే, ఏర్పడిన ధన, రుణ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) ఒకదాన్నొకటి ఆకర్షించి స్ఫటికంగా పేరుకున్నప్పుడు అంతకన్నా చాలా ఎక్కువ శక్తి విడుదలవుతుంది. అంత గట్టి అల్లిక కాబట్టే పొడి సున్నం 2,500 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆ స్ఫటికంలో విడి అణువులంటూ లేవు. అన్ని దిక్కులా అయాన్లే.

అదే బట్టీ నుంచి వెళ్లిపోయే కార్బన్ డయాక్సైడ్ వాయువు. దానిలో సమయోజనీయ బంధాలు, అంటే ఎలక్ట్రాన్లను పంచుకోవడం వల్ల ఏర్పడేవి. వాయువు కాబట్టి ఆ బంధాలు బలహీనం అనుకోవడం పెద్ద పొరపాటు. అణువు లోపల కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య బంధం చాలా గట్టిది. ఒక అణువుకూ పక్క అణువుకూ మధ్య ఆకర్షణ మాత్రమే తక్కువ. మరిగించినప్పుడు విడిపోయేది ఇరుగుపొరుగు సంబంధమే, ఇల్లు కూలదు. ఇక సున్నపురాయిలో రెండు రకాలూ ఉన్నాయి. కార్బన్, మూడు ఆక్సిజన్లు సమయోజనీయ బంధాలతో కలిసి ఒక కార్బొనేట్ అయాన్. ఆ అయాన్‌కూ కాల్షియం అయాన్‌కూ మధ్య అయానిక బంధం.

శక్తి లెక్క కూడా సున్నంలో అణా పైసలతో తేలుతుంది. రాయిని కాల్చడానికి మోల్‌కు సుమారు 178 కిలోజౌళ్లు పెట్టాలి. పొడి సున్నంలో నీళ్లు పోస్తే సుమారు 65 కిలోజౌళ్లు బయటికి వస్తాయి. తొట్టిలో సున్నం పొంగినప్పుడు దగ్గరకు వెళ్లొద్దని పెద్దలు పిల్లలను కేకలేసేది ఆ వేడికే. గోడ మీద తడి సున్నం కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకున్నప్పుడు మరో 113 కిలోజౌళ్లు వస్తాయి. ఇది వారాలు, నెలలు సాగుతుంది కాబట్టి గోడ ముట్టుకుంటే తెలియదు. 65, 113 కలిపితే 178. బట్టీలో పెట్టిన అప్పు పైసాతో సహా తీరింది. ఇంటర్‌లో హెస్ నియమం అని వచ్చేది ఇదే. బంధం తెంచడానికి ఎప్పుడూ శక్తి ఖర్చే, బంధం ఏర్పడితేనే రాబడి అన్న సంగతిని కూడా ఈ ఖాతాతోనే వివరించవచ్చు.

ఆమ్లాలు, క్షారాల పాఠానికి లిట్మస్ కాగితం కోసం ల్యాబ్‌కు వెళ్లక్కర్లేదు. పెళ్లివారింట్లో, కొత్త కోడలు గడప దగ్గర ఆగినప్పుడు ఎర్రనీళ్లతో దిష్టి తీస్తారు. ఆ ఎరుపు ఎక్కడిది? నీళ్లలో పసుపు కలిపి చిటికెడు సున్నం వేస్తారు. పసుపులోని కుర్కుమిన్ క్షారంలో ఎర్రబడుతుంది. ఆ పళ్లెంలో నిమ్మకాయ పిండుకుంటూ పోతే, ఒక దశలో ఎరుపు పోయి మళ్లీ పసుపు తేలుతుంది. సూచిక, క్షారం, ఆమ్లం, తటస్థీకరణం నాలుగూ ఒక్క పళ్లెంలో కళ్లకు కట్టాయి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆమ్లంలోనూ, మామూలు నీటిలోనూ పసుపు రంగు మారదు. కాబట్టి ఆ రెండింటికీ తేడా పసుపు చెప్పలేదు. ఏ సూచికకైనా చెప్పగలిగే హద్దు ఒకటుంటుంది.

బలం, గాఢత అనే రెండు మాటలు ఒకటే అనుకోవడం ఇక్కడి ఇంకో చిక్కు. సున్నం నీటిలో చాలా తక్కువ కరుగుతుంది, లీటరుకు రెండు గ్రాములు కూడా కాదు. అయినా కరిగినంత మేరా పూర్తిగా అయాన్లుగా విడిపోతుంది. అందుకే అది బలమైన క్షారం, సున్నపు తేట పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే అంకె) 12 దాటుతుంది. కరిగింది తక్కువ కాబట్టి ద్రావణం గాఢత మాత్రం తక్కువే. పీహెచ్‌లో ఒక్కో మెట్టుకు పదిరెట్లు తేడా అన్నది కూడా మనసుకు పట్టాలి. 9 నుంచి 12కు మూడు మెట్లే, హైడ్రాక్సైడ్ అయాన్లు మాత్రం వెయ్యి రెట్లు. పీహెచ్ కొలమానాన్ని సోరెన్‌సెన్ 1909లో ప్రవేశపెట్టాడు. బీరు తయారీకి పేరున్న కార్ల్స్‌బర్గ్ సంస్థ ప్రయోగశాలలో పనిచేసేవాడాయన.

ఆక్సీకరణ క్షయకరణాలకు కూడా సున్నం ఒక మంచి పరీక్ష. పైన చెప్పిన మూడు చర్యల్లో ఏ ఒక్కటీ రెడాక్స్, అంటే ఎలక్ట్రాన్లు చేతులు మారే చర్య, కాదు. ఆక్సీకరణ సంఖ్యలు చూస్తే కాల్షియం మొదటి నుంచి చివరి దాకా +2, కార్బన్ +4, ఆక్సిజన్ -2. ఆక్సిజన్ కనబడగానే ఆక్సీకరణం అని రాసేసే అలవాటుకు ఇది సరైన మందు. బట్టీలో మండే బొగ్గు మాత్రం రెడాక్సే. అక్కడ కార్బన్ సున్నా నుంచి +4కు ఎక్కుతుంది. ఒకే బట్టీలో, ఒకే పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో కొంత ఒక రకం చర్యది, కొంత మరో రకం చర్యది.

ఇంత చదివిన విద్యార్థికి ఇవ్వదగ్గ చివరి ప్రశ్న ఒకటి ఉంది. గాజు గ్లాసులో సున్నపు తేట పోసి గొట్టంతో మెల్లగా ఊదితే అది పాలలా తెల్లబడుతుంది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల కరగని కాల్షియం కార్బొనేట్ ఏర్పడిందని టెన్త్ పుస్తకం చెప్పేసింది. కార్బన్ డయాక్సైడ్‌ను ఇంకా ఇంకా పంపిస్తే ఆ తెలుపు మళ్లీ విరిగిపోయి నీళ్లు తేటపడతాయి. ఎందుకు? ఏర్పడిన కార్బొనేట్ మరో కార్బన్ డయాక్సైడ్‌తో, నీటితో కలిసి, కరిగే కాల్షియం బైకార్బొనేట్‌గా మారుతుంది. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లపొర దీనికి తిరుగు ప్రయాణం.

అరకు దారిలో బొర్రా గుహలను, నంద్యాల జిల్లాలో బేలం గుహలను తొలిచింది ఈ చర్యే. వర్షపు నీరు గాలి నుంచి, మట్టి నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని సున్నపురాతి పగుళ్లలోకి దిగి రాయిని కరిగించింది. గుహ పైకప్పు నుంచి చుక్క జారే ముందు అందులోని వాయువు కొంత తప్పించుకుంటుంది, రాయి కొంత అక్కడే పేరుకుంటుంది. 100 గ్రాముల రాయి కరగడానికి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 18 గ్రాముల నీరు కావాలి. పైకప్పు నుంచి వేలాడుతున్న ఆ రాతి ఊడల్లో ప్రతి 100 గ్రాములకూ, అవే 44 గ్రాములు గుహ గాలిలోకి, అవే 18 గ్రాములు నేల మీది తడిలోకి తిరిగి వెళ్లిపోయాయి.